కాటన్ దొర ఇంటి సంగతులు: మీరడిగినవీ, నాకు తెలిసినవీ

పోయిన నెల మే 15న కాటన్ దొర (గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఇంజనీరు సర్ ఆర్థర్ కాటన్) పుట్టినరోజని ఈ శీర్షికలో నాలుగు ముక్కలు రాశాను. దానికి వచ్చిన ఉత్తరాలు చూస్తే ఆశ్చర్యం వేసింది. ఆనకట్ట గురించి అడిగినవాళ్లు తక్కువ. ఆయనకి పెళ్లయిందా, పిల్లలున్నారా, అన్నదమ్ములెవరు అని అడిగినవాళ్లే ఎక్కువ. మనవాళ్లకి ఎవరైనా నచ్చితే ముందు ఇంటిపేరు, తర్వాత సంబంధాలు కనుక్కోవాలి కదా! అందుకని ఈసారి ఆయన ఇంటి సంగతులకే చోటిచ్చాను.

కొత్త పాఠకుల కోసం ఒక మాట. నేను చరిత్రకారుణ్ణి కాను. మా నాన్న గోదావరి కాలువ లాకు మీద లస్కరు, అంటే లాకు తలుపులు తెరిచి మూసే పనివాడు. నేను ఇరిగేషన్ డిపార్ట్‌మెంటులో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాను. లాకు తలుపుల చప్పుడు వింటూ పెరిగినవాణ్ణి కాబట్టి, సాయంత్రాలు ఖాళీ దొరికినప్పుడల్లా ఈ మనిషి గురించి దొరికిందల్లా చదువుతూ వచ్చాను.

ప్రశ్న: విగ్రహాల్లో కాటన్ దొర గుర్రమెక్కి సేనాపతిలా ఉంటాడు. పేరుకి ముందు 'జనరల్' అని రాస్తారు. ఇంతకీ ఆయన యుద్ధాలు చేశాడా, కాలువలు తవ్వించాడా?
– ఒక ఆటో డ్రైవరు, అమలాపురం

రెండూ చేశాడు తమ్ముడూ. ఆ రోజుల్లో ఈస్టిండియా కంపెనీకి ఇంజనీర్లంటే సైన్యంలోని ఇంజనీర్లే. వంతెన కట్టాలన్నా, చెరువు గట్టు వేయాలన్నా, శత్రువు కోట గోడ కూల్చాలన్నా అదే మనిషిని పంపేవాళ్లు. చెరువులూ కాలువల బాగోగులు చూసే శాఖని మన దగ్గర 'మరామత్తు' అనేవాళ్లు. ఇప్పటికీ మా డిపార్ట్‌మెంటులో పాతకాపులు మరమ్మతు బిల్లుని మరామత్తు బిల్లనే అంటారు.

కాటన్ పుట్టింది 1803లో. పదిహేనో ఏట లండన్‌కి దక్షిణాన ఉన్న అడిస్కంబ్ అనే కంపెనీ వారి సైనిక పాఠశాలలో చేరాడు. 1819లో మద్రాసు ఇంజనీర్ల దళంలో సెకండ్ లెఫ్టినెంటుగా ఉద్యోగం ఇచ్చారు. కొన్నాళ్లు వేల్స్‌లో సర్వే పని నేర్చుకుని, 1821లో మద్రాసులో దిగాడు. అంటే పద్దెనిమిదేళ్ల కుర్రాడు. మన పిల్లలు ఆ వయసులో ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) ర్యాంకు కోసం టెన్షన్ పడుతుంటారు.

మొదట దక్షిణాది జిల్లాల్లో చెరువుల పని. తర్వాత రామేశ్వరం పక్కనున్న పాంబన్ దగ్గర ఓడలు వెళ్లే దారి సర్వే. 1824లో బర్మా యుద్ధం వస్తే అక్కడికి పంపారు. కోటల మీద దాడికి దిగే దళాలతో ముందు నడిచాడు. తిరిగొచ్చాక కావేరి అప్పగించారు. అక్కడి నుంచి ఆయన చేసిందంతా నీళ్లతోనే. జనరల్ అనే హోదా చివర్లో, ఉద్యోగం మానేశాక ఎప్పటికో వచ్చింది. గోదావరి మీద పనిచేసిన రోజుల్లో ఆయన జనరల్ కాదు.

గుర్రం మాటకొస్తే అది శిల్పి కల్పన కాదు. డెల్టాలో రోడ్లే లేని కాలం. ఇసుక మేటల మీద, లంకల్లో గుర్రమెక్కి తిరగకపోతే సర్వే ఎలా అవుతుంది? కాకపోతే ఒక ఊళ్లో (ఊరి పేరు చెప్పను, కొట్టేస్తారు) విగ్రహం చేతికి కత్తి ఇచ్చారు. ఆ చేతిలో లెవెల్ కర్రో, చుట్టిన నక్షానో ఉంటే బాగుండేది.

ప్రశ్న: దొరగారి తల్లిదండ్రులెవరు? అన్నదమ్ములున్నారా? జమీందారీ కుటుంబమా?
– విశ్రాంత ఉపాధ్యాయురాలు, భీమవరం

అమ్మా, మీరు అడిగినదానికి ఒక సంచిక మొత్తం రాయొచ్చు.

తండ్రి పేరు హెన్రీ కాల్వెలీ కాటన్. తల్లి మటిల్డా. ఈ దంపతులకి పదకొండు మంది మగపిల్లలు. మన ఆర్థరు పదోవాడు. మా అమ్మ ఈ సంగతి విని "దిష్టి తీయించారా?" అని అడిగింది. హెన్రీగారి అన్నకి బారోనెట్ అనే వంశపారంపర్య బిరుదు, ఎస్టేటు ఉన్నాయి. బిరుదూ భూమీ పెద్దకొడుక్కి పోయే దేశం అది. తమ్ముడి పిల్లలు, అందునా పదోవాడు, సొంత కాళ్ల మీద నిలబడాల్సిందే. అందుకే ఈ పదకొండు మందిలో చాలామంది సైన్యం, నౌకాదళం, చదువు అని తలో దిక్కుకీ పోయారు.

పెదనాన్న కొడుకు స్టేపుల్టన్ కాటన్. ఈయనే తర్వాత లార్డ్ కాంబర్‌మియర్. 1826 మొదట్లో భరత్‌పూర్ కోట పట్టుకున్న సైన్యాధిపతి. అదే సమయంలో మన ఆర్థరు బర్మాలో చిన్న అధికారి.

సొంత అన్నల్లో నలుగురైదుగురి గురించి చెప్పుకోవాలి. రిచర్డ్ లించ్ కాటన్ మతాచార్యుడు, ఆక్స్‌ఫర్డ్‌లో వూస్టర్ కాలేజీకి పెద్ద. 1852లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలరయ్యాడు. ఇక్కడ ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది కూడా ఆ ఏడాదే. ఫ్రాన్సిస్ వీర్ కాటన్ నౌకాదళంలో అడ్మిరల్ దాకా వెళ్లాడు. హ్యూ అనే సోదరుడు ఆస్ట్రేలియాకి దక్షిణాన ఉన్న టాస్మేనియా దీవిలో సర్వే శాఖలో పనిచేశాడు. ఈయన పేరు గుర్తుంచుకోండి, పెళ్లి కథలో టాస్మేనియా మళ్లీ వస్తుంది. అందరికన్నా చిన్నవాడు ఫ్రెడరిక్ కాన్యర్స్ కాటన్. ఆయనా మద్రాసు ఇంజనీరే. అన్న బాటలోనే నీటిపారుదల పనుల్లో ఉన్నాడు. మన పాత కాగితాల్లో 'కెప్టెన్ కాటన్', 'మేజర్ కాటన్' అని ఉంటే అది అన్నో తమ్ముడో చూసుకుని చదవాలి. నేను ఒకసారి రోటరీ మీటింగులో తమ్ముడి పనిని అన్న ఖాతాలో వేసి మాట్లాడాను. సభలో ఒక లెక్చరరు లేచి సరిచేశాడు. ఇరవై ఏళ్లయింది, ఇంకా మర్చిపోలేదు.

ఇక సిడ్నీ కాటన్. ఆర్థరు కన్నా పదేళ్లకు పైగా పెద్ద. 1857లో సిపాయిల తిరుగుబాటు వచ్చినప్పుడు పెషావరులో బ్రిగేడియరు. అక్కడి దేశీయ పటాలాల చేత ఆయుధాలు కింద పెట్టించింది ఈయనే. ఆ జూన్‌లో, పారిపోయి పట్టుబడిన సిపాయిల్లో 40 మందిని అక్కడ ఫిరంగి మూతులకు కట్టి పేల్చేశారు. ఒక అన్నదమ్ముడు పెషావరులో ఇది చేయిస్తున్నాడు, ఇంకొకడు గోదావరి నీళ్లు పొలాలకి పారించాడు. ఇద్దరి జీతమూ ఒకే కంపెనీ ఖజానా నుంచి. కాటన్ దొర గురించి సభల్లో మాట్లాడేవాళ్లు ఈ అన్నగారి మాటెత్తరు. నేనెత్తుతాను. ఆ ఇంటి కథ చెప్పమంటే మొత్తం చెప్పాలి కదమ్మా.

ప్రశ్న: తాతగారూ, కాటన్ దొర పిల్లలు మన ఊళ్లో పెరిగారా? వాళ్లకి తెలుగు వచ్చా?
– పదో తరగతి విద్యార్థిని, మండపేట

తల్లీ, మంచి ప్రశ్న. తెలుగు సంగతి ఇప్పటికి వదిలేసి, మిగిలింది చెబుతాను.

కాటన్ ఆరోగ్యం ఎప్పుడూ అంతంతమాత్రమే. కావేరి పనుల్లోనే ఒళ్లు గుల్లయి, 1830లో సెలవు మీద ఇంగ్లండు వెళ్లొచ్చాడు. మళ్లీ జబ్బు చేస్తే ఈసారి చల్లటి చోటని టాస్మేనియా వెళ్లాడు. అక్కడ లెర్మంత్ అనే వర్తకుల కుటుంబం ఉండేది. తండ్రి థామస్ లెర్మంత్. ఆయన కొడుకులు ఆస్ట్రేలియాలో విక్టోరియా ప్రాంతానికి వెళ్లి పెద్ద పెద్ద గొర్రెల మందలు పెట్టారు. ఇప్పటికీ అక్కడ లెర్మంత్ అని ఒక ఊరుంది. ఆ ఇంటి ఆడపిల్ల ఎలిజబెత్‌ని 1841 అక్టోబరులో కాటన్ పెళ్లి చేసుకున్నాడు. అప్పటికి ఆయనకి 38 ఏళ్లు. మన లెక్కన లేటు పెళ్లే.

1842 డిసెంబరు 9న టాస్మేనియాలోనే కూతురు పుట్టింది. తల్లి పేరే పెట్టారు, ఎలిజబెత్ అని. ఆనకట్ట పని మొదలైన 1847 నాటికి ఆ పాపకి ఐదేళ్లు కూడా నిండలేదు. కొండ పేలుళ్ల చప్పుడు, రాళ్ల బళ్లు, పది వేల మంది పనివాళ్ల సందడి, ఇదీ ఆ ఇంటి ఆడవాళ్ల చుట్టూ ఉన్న ప్రపంచం. మలేరియా ఊళ్లు తుడిచిపెట్టే కాలం. ఎండలో నిలబడి నిలబడి 1848లో కాటన్ మళ్లీ పడకేశాడు. పని కెప్టెన్ ఓర్ చేతిలో పెట్టి ఆస్ట్రేలియా వెళ్లిపోవాల్సి వచ్చింది. 1850లో గానీ తిరిగి రాలేదు. ఐదేళ్ల పనిలో రెండేళ్లు దొర ఊళ్లోనే లేడన్నమాట. ఈ ముక్క మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా కనపడదు. ఓర్ పేరుతో ఒక్క వీధి అయినా ఉందేమో చూడు. తర్వాత బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట కట్టించింది కూడా ఆ ఓరే.

ఆ అమ్మాయి పెద్దయ్యాక ఏమైందో విను, కథ బావుంటుంది. ఇంగ్లండులో డార్కింగ్ అనే ఊళ్లో పనివాళ్లని తాగుడు మాన్పించాలని కాఫీ గదులు తెరిచింది. సారాకొట్టుకి బదులు కాఫీ హోటలన్నమాట. తండ్రిలాగే గట్టి క్రైస్తవ భక్తురాలు. 1877లో అడ్మిరల్ సర్ జేమ్స్ హోప్‌ని పెళ్లి చేసుకుంది. అప్పట్నుంచి లేడీ హోప్ అయింది. నాలుగేళ్లకే ఆయన పోయాడు. 1893లో డెన్నీ అనే సంపన్నుణ్ణి రెండో పెళ్లి చేసుకుంది.

మీ సైన్సు పుస్తకంలో డార్విన్ ఉంటాడు కదా. 1915లో ఈ లేడీ హోప్ అమెరికాలో ఒక కథ చెప్పింది. తాను డార్విన్ చివరి రోజుల్లో ఆయన్ని చూడ్డానికి వెళ్లాననీ, ఆయన మంచం మీద బైబిలు చదువుకుంటున్నాడనీ, తన పరిణామ సిద్ధాంతం గురించి బాధపడ్డాడనీ. అది పత్రికలో అచ్చయింది. ప్రపంచమంతా పాకింది. ఇప్పటికీ ఎవరో ఒకరు వాట్సాప్‌లో పంపుతూనే ఉంటారు. డార్విన్ కూతురు అదేమీ జరగలేదని గట్టిగా ఖండించింది. కాటన్ దొర కూతురు చెప్పింది కదా అని మనం నమ్మక్కర్లేదు. గోదావరి నీళ్లు వేరు, డార్విన్ వేరు.

ఆమె 1922లో సిడ్నీలో చనిపోయింది. అంతకుముందే, తండ్రి పోయిన మరుసటేడు 1900లో ఆయన జీవితచరిత్ర అచ్చేయించింది. మన దొర గురించి ఇవాళ మనం చెప్పుకునే కబుర్లలో చాలా భాగం ఆ పుస్తకం నుంచి వచ్చినవే. అది కూతురు తండ్రి గురించి రాసుకున్నది. చదివేటప్పుడు ఆ సంగతి మనసులో పెట్టుకుని చదవాలి. నేనూ మా నాన్న గురించి రాస్తే లాకులన్నీ ఆయనే తెరిచాడని రాస్తాను.

ప్రశ్న: మేం తంజావూరులో స్థిరపడిన తెలుగువాళ్లం. ఇక్కడివాళ్లు కాటన్ ఇంజనీరింగంతా మా కల్లణైని (కావేరి మీద చోళుల పాత ఆనకట్ట) చూసి కాపీ కొట్టిందే అంటారు. నిజమేనా?

నూటికి నూరుపాళ్లు నిజం. అది చెప్పింది కాటనే.

చోళుల కల్లణై ఇసుక మీద నిలబడ్డ కట్ట. నదిలో గట్టి రాయి తగిలేదాకా తవ్వి పునాది వేయాలన్న పట్టుదల పెట్టుకుంటే కావేరిలోనూ గోదావరిలోనూ ఆనకట్టే ఉండదు, ఎందుకంటే ఇసుకకి అంతు లేదు. చోళుల కాలపు మేస్త్రీలు పెద్ద పెద్ద రాళ్లు వేసుకుంటూ పోయారు. అవి ఇసుకలో కుంగి కుంగి ఒకచోట ఆగాయి. వాటి మీద మళ్లీ రాళ్లు. కావేరి పాయ కొళ్లిడం మీద 1836లో కట్టిన రెండు ఆనకట్టల్లో కాటన్ ఈ పాఠం వాడుకున్నాడు. ధవళేశ్వరంలోనూ ఇసుకలో నూతులు దింపి, వాటి మీద కట్టడం లేపి, కింది వైపు వరద కోయకుండా బరువైన రాళ్లు పరిపించాడు. లోతు తెలియని ఇసుకలో పునాది నిలపడం ఈ దేశపు పాతవాళ్ల దగ్గరే నేర్చుకున్నామని ఆయన తర్వాత బాహాటంగా రాశాడు.

నేను డిపార్ట్‌మెంటులో ఉండగా, ప్రతి వరద తర్వాతా మా మొదటి పని ఆ రాళ్లు ఎక్కడ జారాయో చూడటం. కట్ట పైన కన్నా కట్ట కాళ్ల దగ్గర కనిపెట్టుకుని ఉండాలని మా పాత మేస్త్రి అనేవాడు. ఆయనకి చోళులూ తెలియదు, కాటనూ తెలియదు.

ప్రశ్న: తెల్లవాడు శిస్తు కోసం కట్టించిన ఆనకట్టకి మనం దండలు వేయడం ఏమిటి? రాళ్లు మోసింది మనవాళ్లు కాదా? మీలాంటివాళ్లే భజన చేసి దేవుణ్ణి చేశారు.
– ఒక యువ పాఠకుడు, రాజమహేంద్రవరం

కోపం వచ్చినట్టుంది. ఫర్వాలేదు, సగం నీతో ఒప్పుకుంటాను.

శిస్తు కోసమే. కాటన్ పైవాళ్లని ఒప్పించడానికి రాసిన నివేదికల్లో ఎంత పెడితే ఎంత రాబడి వస్తుందో లెక్కలే లెక్కలు. కంపెనీకి కరుణ కలిగి కట్టించలేదు. రాజమండ్రి జిల్లా శిస్తు ఏటేటా పడిపోతుంటే కంగారు పుట్టి కట్టించింది. 1833 ప్రాంతంలో నందన నామ సంవత్సరపు కరువు. 1839లో కోరంగి దగ్గర ఉప్పెన. 1821లో 7 లక్షల 38 వేలున్న జిల్లా జనం 1841 నాటికి 5 లక్షల 61 వేలకి పడిపోయారు. గోదావరి నిండుగా సముద్రంలో కలుస్తుంటే గట్టు పక్కన జనం తిండి లేక పోయారు. 1844లో కాటన్ మొదటి నివేదిక ఇచ్చాడు, 1846 చివర్లో మంజూరయింది.

రాళ్లు మోసింది మనవాళ్లే. పది వేల మంది. వాళ్ల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. అదృష్టవశాత్తూ ఒక పేరు మిగిలింది: వీణెం వీరన్న. కూలీలను సమకూర్చడంలో, పని నడిపించడంలో కాటన్‌కి కుడిభుజం. రాయ్ బహదూర్ బిరుదు కూడా ఇచ్చారు. గన్నవరం అక్విడక్టు కట్టేటప్పుడు ఉన్నదీ ఆయనే. వైనతేయ పాయ మీదుగా నాగరం లంకకి నీళ్లు పట్టుకెళ్లే 49 ఖానాల తొట్టి కాలువ అది. లెఫ్టినెంట్ హేగ్ ఆధ్వర్యంలో, నదిలో నీళ్లు తగ్గిన ఒక్క సీజన్‌లో లేపేశారు. ఇప్పుడు దాని పక్కన కొత్తది ఉంది, డొక్కా సీతమ్మగారి పేరుతో. అన్నం పెట్టిన తల్లి పేరు నీళ్ల తొట్టికి పెట్టడం నాకు భలే నచ్చింది. వీరన్నగారికి కూడా దండ వేయమని నేను పాతికేళ్లుగా ప్రతి మే నెలలోనూ అడుగుతూనే ఉన్నాను. ఈమధ్య కొన్నిచోట్ల వేస్తున్నారు.

ఇక దేవుడి సంగతి. గోదావరి గట్టున స్నానం చేయించే బ్రాహ్మలు 'స్మరామ్యాంగ్లేయ దేశీయం కాటనుం తం భగీరథం' అని శ్లోకం చదవడం నా చెవులతో విన్నాను. అది నేను నేర్పింది కాదు బాబూ. ఆయన్ని దేవుణ్ణి చేస్తే నాకూ ఇబ్బందే. దేవుడైతే లెవెళ్లు తప్పు పోవు, జబ్బు చేయదు, మద్రాసులో కూర్చున్న అధికారుల చుట్టూ ఇంజనీర్ల కోసం, డబ్బు కోసం ఉత్తరాల మీద ఉత్తరాలు రాసుకోవాల్సిన పని ఉండదు. ఆయన రాసుకున్నాడు. అది చదివినప్పుడు నాకు మా ఆఫీసే గుర్తొచ్చింది.

సగం ఒప్పుకోనిది ఏమిటంటే, శిస్తు కోసం కంపెనీ ఇంకా చాలామంది ఇంజనీర్లకి జీతాలిచ్చింది. వాళ్లలో డెల్టా అంతా కాలినడకనా గుర్రం మీదా తిరిగి, ఈ నది మీద కట్ట సాధ్యమే అని ఒళ్లు పోయేదాకా వాదించినవాడు ఈయనే. మా తాత రెండెకరాల కౌలుదారు. మా ఇంట్లో కాటన్ ఫోటో లేదు. కానీ సార్వా (మొదటి పంట) కోతలయ్యాక మా నాయనమ్మ మొదటి పొంగలి దించి "దొర చలవ" అనేది.

ప్రశ్న: కాటన్ రైళ్లంటే పడని మనిషి అంటారు. నిజమా?
– రైల్వే ఉద్యోగి, విజయవాడ

రైలు కన్నా కాలువలో పడవ చవక, పైగా ఆ కాలువే పొలానికి నీళ్లిస్తుంది అని జీవితాంతం పోట్లాడాడు. 1878లో పార్లమెంటు కమిటీ ముందు కూడా అదే వాదన. తమాషా ఏమిటంటే, మద్రాసు దగ్గర రెడ్‌హిల్స్ నుంచి రోడ్లకి రాయి తోలడానికి 1837లో నడిచిన, ఈ దేశపు మొట్టమొదటి రైలు మార్గం ఆయన వేయించిందే. ధవళేశ్వరం కొండ నుంచి రాయి తేవడానికీ పట్టాలు వేశారు. మీ డిపార్ట్‌మెంటు కూడా ఆయన ఫోటో పెట్టుకోవచ్చు.

ప్రశ్న: మా కె.సి. (కర్నూలు-కడప) కెనాల్ కూడా కాటన్ దొరదే అంటారు. మరి మా దగ్గర ఆయనకి విగ్రహాలు ఎందుకు లేవు?
– రైతు, నంద్యాల

పెద్దాయనా, గోదావరి వాళ్లం ఈ అధ్యాయం దాటేస్తుంటాం. మీరే గుర్తు చేశారు.

తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర కట్టి, కర్నూలు నుంచి కడప దాకా కాలువ తవ్వి, నీళ్లూ పడవలూ రెండూ నడపాలని ఆయన ఆలోచన. ఈ పని ప్రభుత్వం నేరుగా చేయలేదు. 1858లో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ అని లండన్‌లో వాటాలమ్మి పెట్టారు. పది లక్షల పౌండ్ల పెట్టుబడి మీద 5 శాతం వడ్డీకి ప్రభుత్వం హామీ. ఖర్చు అంచనా దాటి ఎక్కడికో పోయింది. కాలువయితే వచ్చింది, నీళ్లు కొనేవాళ్లు రాలేదు. మీ నల్లరేగడిలో వాన సరిగా పడిన ఏడాది జొన్న, పత్తి నీళ్లు లేకుండానే పండుతాయి. అలాంటప్పుడు నీటి తీరువా ఎవరు కడతారు? గోదావరి డెల్టా వరి నేలని చూసి వేసిన లెక్క మీ నేలకి కుదరలేదు. చివరికి 1882లో ప్రభుత్వమే ఆ కాలువని కొనేసింది.

నా దృష్టిలో ఇది ఆయన పెద్ద పొరపాటు. పొలంలో రైతుని అడగకుండా నీళ్ల లెక్క వేయడం. దానికి ఆయన ఒక్కడే బాధ్యుడు కాకపోవచ్చు గానీ, ఆ పథకం ముందుకు తోసింది ఆయనే. తర్వాతి తరాల్లో ఆ కాలువ మీ ప్రాంతానికి ఎంత అక్కరకొచ్చిందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ప్రశ్న: ఆయన ఎప్పుడు, ఎక్కడ చనిపోయారు?
– పేరు రాయలేదు

1899 జులై 24న, డార్కింగ్‌లో. 96 ఏళ్లు. అక్కడి శ్మశానంలోనే సమాధి. 1860 ప్రాంతంలో ఉద్యోగం వదిలేశాక కూడా దాదాపు నలభై ఏళ్లు బతికాడు. 1861లో సర్ బిరుదు వచ్చింది. అన్నిసార్లు జబ్బుపడ్డ మనిషి ఇంతకాలం బతకడం చూసి నవ్వొస్తుంది. ముసలితనంలో పెరట్లో గోధుమ మీద పడ్డాడు. నేలని లోతుగా తవ్వి, గుల్ల చేసి విత్తితే దిగుబడి ఎంత పెరుగుతుందో కొలుచుకుంటూ కూర్చునేవాడు. మా నాన్న కూడా రిటైరయ్యాక పెరట్లో ఆనపపాదుకి కాలువ తీసి, దానికి చెక్కతో తూము పెట్టి, పొద్దున ఇంత సాయంత్రం ఇంత అని నీళ్లు వదిలేవాడు. అమ్మ తిట్టేది.

ప్రశ్న: వచ్చే సెలవులకి అమెరికా నుంచి మా పిల్లలతో వస్తున్నాం. ధవళేశ్వరంలో ఏం చూపించాలి? పిల్లలకి కాటన్ ఎవరో తెలియదు.
– ఒక తల్లి, డాలస్

అమ్మా, మీరు వేసవిలో వస్తే కాస్త నిరాశ తప్పదు. దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు. మరమ్మతులన్నీ అప్పుడే. పిల్లలు బురద, తుప్పు పట్టిన తలుపులు చూసి "ఇదేనా?" అంటారు. ఆగస్టు, సెప్టెంబరులో వీలైతే రండి. అప్పుడు గోదారి ఎర్రగా ఉంటుంది. బ్యారేజీ దగ్గర నీటిమట్టం స్కేలు ముందు నిలబెట్టి చూపించండి: 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 1986 ఆగస్టులో ఇక్కడ 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ రాత్రి నేను డ్యూటీలో ఉన్నాను, దాని గురించి ఇంకోసారి రాస్తాను.

ఇప్పుడు మీరు కారులో దాటే బ్యారేజీ కాటన్ కట్టింది కాదని పిల్లలకి ముందే చెప్పండి. పాత ఆనకట్ట బలహీనపడితే 1970ల్లో మొదలుపెట్టి 1982 నాటికి కట్టిన కొత్తది. పేరు మాత్రం ఆయనదే ఉంచారు. 175 గేట్లు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలు, మధ్యలో లంకలు. నది అడ్డంగా కొలిస్తే లంకలతో కలిపి దాదాపు నాలుగు మైళ్లు. పిల్లల్ని గేట్లు లెక్కపెట్టమనండి, కాసేపు గొడవ లేకుండా ఉంటారు.

కాటన్ మ్యూజియం ధవళేశ్వరంలోనే ఉంది. అందులో నమూనాలు, పాత ఫోటోలు, పనిముట్లు చూడొచ్చు. మా మనవరాల్ని తీసుకెళ్తే ఆ అమ్మాయికి అన్నిటికన్నా నచ్చింది బయట చెట్టు కింద ఉన్న ఉడత. తిరిగి వెళ్లేటప్పుడు బొబ్బర్లంక మీదుగా ఆత్రేయపురం వెళ్లి పూతరేకులు కొనుక్కోండి. బెల్లంవి అడగండి, పంచదారవి అమెరికా దాకా నిలవుండవని మా ఆవిడ అంటుంది.